పట్టికలు పొసగనప్పుడు

ఇంటి సరుకుల చీటీ ఒకటి కన్నులయెదుట ఉన్నదనుకొందము. ఎడమ వరుసలో బియ్యము, కందిపప్పు, చింతపండు, నూనె అని నాలుగు సరుకుల తూకములును, కుడి వరుసలో వాని ధరలును వ్రాయబూనిన ఇల్లాలు, పొయ్యిమీది పాలు పొంగుచున్నవను తొందరలో చింతపండు ధర వేయుట మరచి, మూడే ధరలు వ్రాసి పంపినది. అంగడి గుమాస్తా ఆ చీటీని అందుకొని, వ్రేలితో ఒక్కొక్క పద్దే దిగుచు, మూడవ పద్దువద్ద ఆగి, "ఏమండీ, చింతపండు ధర వేయలేదే!" అని కేక వేయును. అట్లు అడుగక, నూనె ధరను చింతపండునకు అంటగట్టి, నూనెను ఊరక ఇచ్చివేసి మొత్తము తేల్చిన గుమాస్తాను ఏ షావుకారును మరునాడు కొలువులో ఉంచుకొనడు.

కంప్యూటరు భాషలలో ఒక వంశమునకు ఈ మంచి గుమాస్తా స్వభావము పుట్టుకతోనే వచ్చినది. సంఖ్యలను ఒక్కొక్కటిగా గాక, వరుసలుగను పట్టికలుగను ఒక్కసారిగా చేతబట్టి కూడి, తీసి, గుణించు ఈ భాషలను అర్రే భాషలందురు. అర్రే యనగా క్రమముగా పేర్చిన విలువల వరుస, లేక అట్టి వరుసల పట్టిక. రెండు అర్రేల కొలతలు పొసగనిచో ఈ భాషలు లెక్కను అక్కడికక్కడ ఆపి, ఎర్రర్ అని ప్రకటించును. డేటా సైన్సు నేర్చుకొను విద్యార్థి మొదటి నెలలో ఎక్కువగా చూచునదియు, విసుగుకొనునదియు ఈ ఎర్రరే. ఆ విసుగు వెనుక నున్న న్యాయమును, అంతకంటె ముఖ్యముగా, ఆ ఎర్రర్ రావలసినచోట రాకపోయినప్పుడు కలుగు అనర్థమును వివరించుటయే ఈ వ్యాసోద్దేశము.

ఈ వంశమునకు మూలపురుషుడు కెన్నెత్ ఐవర్సన్. 1920లో కెనడా దేశమున ఆల్బెర్టా రాష్ట్రమందు జన్మించి, హార్వర్డు విశ్వవిద్యాలయమున బోధించుచు, గణితశాస్త్రమున ఒక్కొక్క శాఖ ఒక్కొక్క తీరున వాడు సంకేతములలోని అవ్యవస్థను చూచి, సమస్త గణనములకును ఒకే వ్యాకరణము గల సంకేతలిపి యుండవలెనని తలచి, ఆయన తన లిపిని తానే కూర్చుకొనెను. 1960లో ఐబీఎం సంస్థలో చేరి, 1962లో 'ఎ ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్' అను గ్రంథమును వెలువరించెను. ఆ పేరులోని మూడు మాటల మొదటి అక్షరములే ఏపీఎల్ అను భాషానామమైనవి. మొదట నల్లబల్లమీది వ్రాతకై పుట్టిన ఈ లిపి, 1966లో న్యూయార్కు రాష్ట్రమందలి యార్క్‌టౌన్ హైట్స్ పరిశోధనశాలలో, మీటలు నొక్కినంతనే బదులు చెప్పు కంప్యూటరు భాషగా ప్రాణము పోసికొనెను. దాని చిహ్నములు సామాన్యమైన టైపురైటరుపై లేవు గనుక, వానిని చెక్కిన గుండ్రని టైపుబంతిని వేరుగా చేయించి సెలెక్ట్రిక్ యంత్రములకు అమర్చిరి. 1979లో కంప్యూటరు విద్వాంసులకు పరమగౌరవమైన ట్యూరింగ్ పురస్కారము ఐవర్సన్‌ను వరించినది.

అంతకు పూర్వపు పద్ధతిలో, నూరు సంఖ్యల వరుసకు మరియొక నూరు సంఖ్యల వరుసను కూడవలెనన్న, మొదటిదానికి మొదటిది, రెండవదానికి రెండవది అనుచు నూరు తిరుగుళ్ల లూపును ప్రోగ్రాము వ్రాయువాడే వ్రాసి, ఎన్ని తిరుగుళ్లో కూడ తానే చెప్పవలసియుండెను. తొంబదితొమ్మిది సంఖ్యలే యున్నచోట నూరని చెప్పినయెడల, సీ వంటి భాషలు మారుమాటాడక ప్రక్క యింటి తలుపు త్రోసినట్లు, వరుస అవతలనున్న ఏదో సంబంధము లేని విలువను చదివి లెక్కలో కలుపుకొనగలవు. ఐవర్సన్ పద్ధతిలో "ఈ వరుసకు ఆ వరుసను కూడుము" అనుటయే ఆజ్ఞ. ఎన్ని యున్నవో లెక్కించు భారము యంత్రమునది. రెండు వరుసల పొడుగులు తనకే తెలిసియున్నపుడు, అవి సమానమా కాదా యని పరీక్షించుటయు యంత్రమునకే సాధ్యమయినది. కొలతలు పొసగవను ఎర్రర్ ఈ విధముగా, లూపు వ్రాయు శ్రమ తొలగినందులకు ప్రతిఫలముగా లభించిన కావలి.

ఏపీఎల్ ముందు కూర్చుండి 1 2 3 + 10 20 30 అని కొట్టినచో, తక్షణము 11 22 33 అని బదులు వచ్చును. 1 2 3 + 10 అన్నచో, ఆ ఒంటరి పదిని ముగ్గురికిని పంచిపెట్టి 11 12 13 అనును. ఒంటి సంఖ్య ఎంతటి వరుసకైనను సరిపోవునని ఆ భాషయందు నియమము. కాని 1 2 3 + 10 20 అని కొట్టుడు: లెంగ్త్ ఎర్రర్ అను రెండు మాటలు వెలువడి, వాని క్రింద మనము కొట్టిన పంక్తియే తిరిగి అచ్చయి, దాని క్రింద తప్పు జరిగిన తావును చూపు చిన్న గుర్తు నిలుచును. మూడవ స్థానమున సున్న వేసికొని సాగిపోవుట యంత్రమునకు చేతగాక కాదు. కాని ఆ సున్న మనము చెప్పినది కాదు, యంత్రము కల్పించినది. తెలియని దానిని కల్పింపరాదను నీతిని ఏపీఎల్ పాటించినది.

ఈ వంశములో దీనికి తోబుట్టువు మరియొక ఎర్రర్ కలదు; దాని పేరు ర్యాంక్ ఎర్రర్. ఒంటి సంఖ్యకు దిశ లేదు. వరుసకు ఒక దిశ. అడ్డువరుసలు, నిలువువరుసలు గల పట్టికకు రెండు దిశలు. పట్టికలను పుస్తకపు పుటలవలె ఒకదానిపై నొకటి పేర్చిన మూడు దిశలు. దిశల సంఖ్య ర్యాంకు. ఒక్కొక్క దిశయందు ఎన్నేసి యున్నవో చెప్పు కొలతల జాబితా షేపు. ఒకే సంఖ్యలో దిశలుండి పొడుగులు కుదరనిచో లెంగ్త్ ఎర్రర్. దిశల సంఖ్యయే కుదరనిచో ర్యాంక్ ఎర్రర్. గజము కొలతలో పొరపడుట మొదటిది. పొడుగును వైశాల్యముతో కూడబోవుట రెండవది.

కూడికయందు కొలతలు సమానముగా నుండవలెననుట ఎవరికైనను తోచును. గుణకారము వచ్చుసరికి విద్యార్థి తికమకపడును. 1850లో సిల్వెస్టరు సంఖ్యల పట్టికకు మాట్రిక్స్ అని నామకరణము చేయగా, 1858లో ఆయన మిత్రుడు కేలీ వాని గుణకార విధానమును శాస్త్రబద్ధము చేసెను. మన పాఠ్యపుస్తకములలోని మాత్రికలు ఇవియే. అందలి నియమము: మొదటి మాత్రిక నిలువువరుసల సంఖ్యయు, రెండవదాని అడ్డువరుసల సంఖ్యయు ఒకటి కావలెను. ఎందులకు? ఒక చిన్న లెక్క చూతము. మొదటి ఇంటికి బియ్యము 10 కిలోలు, పప్పు 2, నూనె 1 కావలెను. రెండవ ఇంటికి వరుసగా 5, 3, 2. ఇది రెండు ఇండ్లు, మూడు సరుకులు గల పట్టిక. మొదటి అంగడిలో బియ్యము కిలో 50 రూపాయలు, పప్పు 120, నూనె 150. రెండవ అంగడిలో 48, 130, 145. ఇది మూడు సరుకులు, రెండు అంగళ్లు గల పట్టిక. రెంటిని గుణించిన, ఇండ్లకు అంగళ్లకు నడుమ ఖర్చుల పట్టిక వచ్చును: మొదటి ఇంటికి 890, 885, రెండవ ఇంటికి 910, 920. మొదటి ఇల్లాలు రెండవ అంగడికిని, రెండవ ఇల్లాలు మొదటి అంగడికిని పోవుట లాభము. లెక్క నడుచుచుండగా సరుకులు మధ్యవర్తులై నిలిచి, పని ముగియగానే తప్పుకొన్నవి. మూడు సరుకుల ఇండ్లకు నాలుగు సరుకుల ధరలపట్టిక చూపినచో మధ్యవర్తిత్వమే చెడును. 1970వ దశకపు చివర న్యూమెక్సికో విశ్వవిద్యాలయమున క్లీవ్ మోలర్ తన శిష్యులకై రూపొందించిన మాట్‌ల్యాబ్, లోపలి కొలతలు ఏకీభవింపనిచో ఆగిపోవుటకు కారణమిదియే.

ఇంతవరకు కథ మంచి గుమాస్తాది. ఇక కాలము మారి, వినయము మితిమీరిన గుమాస్తాలు వచ్చిరి. నేడు శాస్త్రజ్ఞులును, కృత్రిమమేధ పనివారును దినదినము వాడునది పైథాన్ భాషలోని నంపై అను ప్రోగ్రాముల సంపుటము. పూర్వమున్న అట్టి రెండు సంపుటములను ఏకము చేసి ట్రావిస్ ఒలిఫాంట్ నిర్మించిన దీని మొదటి పూర్ణరూపము 2006లో వెలువడినది. ఇందులో బ్రాడ్‌కాస్టింగ్ అను ఉదారమైన నియమము కలదు: రెండు అర్రేల షేపులను కుడివైపునుండి సరిపోల్చుచు రావలెను, ప్రతి స్థానమునను రెండు కొలతలు సమానమైనను సరే, వానిలో ఒకటి 1 అయినను సరే, 1 ఉన్న దిశను అవసరమైనంత మేర సాగదీయును, ఎడమవైపున కొలత లేనేలేనిచో దానిని 1గా ఎంచును. చిన్ననాడు కూడికలో అంకెలను ఒకట్ల స్థానమునుండి సరిపేర్చిన విధమే యిది.

ఈ ఒకట్ల స్థానమును మరచినందువలననే విద్యార్థులలో సగము తగవులు పుట్టుచున్నవి. నలుగురు బాలురకు మూడేసి విషయములలో మార్కుల పట్టిక (4, 3) అనుకొందము. విషయమునకు ఒకటి చొప్పున మూడు అదనపు మార్కుల వరుస (3) తెచ్చి కూడిన, కుడివైపు మూడుకు మూడు సరిపడి, పని జరుగును. బాలునికి ఒకటి చొప్పున నాలుగు మార్కుల వరుస (4) తెచ్చినచో ఎర్రర్. "పట్టికలో నాలుగున్నది, వరుసలో నాలుగున్నది, మరి యేమి పొసగలేదు?" అని బాలుడు తలపట్టుకొనును. కుడినుండి చూచిన, మూడుకు ఎదురుగా నాలుగు నిలిచినదని అతడు గమనింపలేదు. ఆ వరుసను నిలువుగా నిలిపి (4, 1) చేసినచో చిక్కు విడిపోవును.

ఎర్రర్ వచ్చినందున ఈ బాలుడు అదృష్టవంతుడు. ఎర్రర్ రాని దురదృష్టమును ఇపుడు చూతము. ఒక ప్రోగ్రాము మూడు విలువలను ముందుగా ఊహించి చెప్పవలెను. సత్యవిలువలు 1, 2, 3. ప్రోగ్రాము చెప్పినవియు సరిగా 1, 2, 3. అనగా తప్పు సున్న. కాని సత్యవిలువలు అడ్డువరుసగా (3) ఉండ, ఊహించినవి నిలువుగా (3, 1) ఉన్నవి. ఒకదానినుండి ఒకటి తీసివేయుమనగానే నంపై కుడినుండి చూచి, మూడుకు ఎదురుగా 1 ఉన్నది, సాగదీయవచ్చును; ఎడమవైపున ఏమియు లేదు, అదియు సాగదీయవచ్చును అని, మూడింటికి బదులు తొమ్మిది తేడాల పట్టికను తయారుచేయును. ఆ తొమ్మిదింటి వర్గములు 0, 1, 4, 1, 0, 1, 4, 1, 0, మొత్తము 12, సగటు 1.33. ఒక్క తప్పును లేనిచోట 1.33 తప్పని యంత్రము నిశ్చలముగా చెప్పును. ఎర్రర్ లేదు, హెచ్చరిక లేదు. ఆ సంఖ్యను తగ్గించుటకై ప్రోగ్రాము రాత్రింబవళ్లు శిక్షణ పొందుచు, సరియైన సమాధానములనుండి క్రమముగా దూరమగుచుండును. విలువలు మూడు గాక పదివేలైనచో, పదివేల తేడాలకు మారుగా 10 కోట్లు పుట్టి, ఒక్కొక్కటి 8 బైట్ల చొప్పున 80 కోట్ల బైట్లు మెమొరీలో తిష్ఠవేయును. అట్టిచోట యంత్రము ఊపిరాడక ఆగినను అదియు మేలే, తప్పు బయటపడును.

పద్యవిద్య తెలిసినవారికి ఈ చిక్కు కొత్త కాదు. చంపకమాల పాదమునకు 21 అక్షరములు, ఉత్పలమాల పాదమునకు 20. చంపకమాల మొదటి రెండు లఘువులను కలిపి ఒక గురువు చేసినచో తక్కినదంతయు అక్షరము తప్పక ఉత్పలమాలయే యగును. మాత్రలు లెక్కించిన రెండింటను 28. మొత్తము మాత్రలను మాత్రమే చూచువాడు రెండును ఒకటియే యనును. నడక విన్న చెవి ఒప్పుకొనదు. (3) అను వరుసయు, (3, 1) అను పట్టికయు ఇట్టివే: రెంటిలో ఉన్నవి మూడే విలువలు, నడక వేరు. చంపకమాలల నడుమ ఉత్పలమాల పాదమొకటి దూరిన విద్వాంసుని చెవి పట్టుకొనును. నంపై మాత్రము పాదమును సాగదీసి పద్యము నడిపించును.

గణాంకశాస్త్రజ్ఞుల అభిమానభాషయైన ఆర్ తీరు ఇంకొక విధము. న్యూజీలాండు దేశమున ఆక్లండు విశ్వవిద్యాలయాచార్యులు ఇహాకా, జెంటిల్‌మన్ అనువారు నిర్మించిన ఈ భాషలో, పొట్టి వరుస అయిపోయినచో మరల మొదటినుండి వాడుకొందురు. ఆరు సంఖ్యల వరుసకు రెండు సంఖ్యల వరుసను కూడుమన్న, ఆ రెండింటినే ముమ్మారు త్రిప్పి, మాటాడక కూడును. ఆరుకు నాలుగన్నచో మాత్రము, పెద్దది చిన్నదానికి గుణిజము కాలేదని హెచ్చరించును. హెచ్చరించుచునే సమాధానమును చేతబెట్టును. మాట్‌ల్యాబ్ సైతము తన పాత కాఠిన్యమును 2016లో కొంత సడలించుకొనెను. అంతకుముందు అడ్డువరుసకు నిలువువరుసను కూడుమన్న ఎర్రర్ వచ్చెడిది. అప్పటినుండి నిండు పట్టిక వచ్చుచున్నది. ఈ సౌకర్యములు నిష్ప్రయోజనములని నేననను. ప్రతి విద్యార్థి మార్కులనుండి విషయముల సగటును తీసివేయుట వంటి పనులు ఒక్క పంక్తిలో ముగియుట వీని చలువయే. అయినను, సౌకర్యము హెచ్చినకొలది కావలి తగ్గినదని మాత్రము గుర్తుంచుకొనవలెను.

ఎర్రర్ వచ్చినపుడు దానిని వినుటకూడ ఒక విద్య. ఒక ఊరి వానలెక్కలను 2023, 2024 సంవత్సరములకు దినదినము వ్రాసి, ఏ తేదీన ఎంత భేదమున్నదో తెలిసికొనుటకై ఒకదానినుండి మరియొకటి తీసివేయబోయితిమనుకొందము. వెంటనే ఎర్రర్: ఒకటి 365, ఒకటి 366. తొందరపాటుగల పనివాడు, "ఒక్కటే కదా హెచ్చు, చివరిది కోసివేసిన సరి" యని 366వ విలువను కోసివేయును. ఎర్రర్ మాయమగును, లెక్క సాగును, చిత్రపటము కూడ అందముగా వచ్చును. కాని హెచ్చైనది డిసెంబరు 31 కాదు. 2024 లీపు సంవత్సరము గనుక ఫిబ్రవరి 29. చివరిది కోసినందున, ఒక ఏటి ఫిబ్రవరి 29 మరియొక ఏటి మార్చి 1తో జతపడి, అక్కడినుండి సంవత్సరాంతము వరకు 306 జతలు ఒక్కొక్క దినము చొప్పున తప్పినవి. జూన్‌లో ఋతుపవనము ఎన్నడు వచ్చినదను ప్రశ్నకు ఆ పట్టిక ఒక దినము తప్పుగా చెప్పును. యంత్రము చెప్పిన 365, 366 అను రెండు సంఖ్యలలోనే లీపు సంవత్సరపు రహస్యమంతయు ఉన్నది. ఆ సంఖ్యలను చదివినవాడు లేడు.

దీనికి నివారణోపాయములు కష్టసాధ్యములు కావు. అర్రేను పుట్టించిన ప్రతిచోటను దాని షేపు ఏమి కావలెనో ప్రక్కన వ్రాసికొనుట, లెక్కకు ముందు అట్లే యున్నదా యని యంత్రముచేతనే పరీక్ష చేయించుట మొదటివి. ప్రోగ్రామును పరీక్షించునపుడు 3, 3, 3 వంటి సమానమైన కొలతలు గాక 2, 3, 5 వంటి వేర్వేరు కొలతలను వాడుట రెండవది. పై సరుకుల లెక్కలో సరుకులు మూడు, అంగళ్లు మూడు ఐనచో, ధరలపట్టికలోని అడ్డువరుసలను నిలువువరుసలుగా త్రిప్పినను ఎర్రర్ రాదు, తప్పు ధరలతో ఖర్చు వచ్చును. దిశలను మొదటిది, రెండవది అని అంకెలతో గాక, 'తేదీ', 'ఊరు' అని పేర్లతో పిలుచు ఎక్స్‌అర్రే వంటి పనిముట్లను వాడుట మూడవది. అట్టిచోట తేదీ తేదీతోనే జతపడును. కోపెన్‌హాగన్ విశ్వవిద్యాలయమున రూపొందిన ఫూతార్క్ వంటి భాషలు ఇంకను ముందడుగు వేసి, ప్రోగ్రాము నడువకముందే కొలతల పొందికను సాధ్యమైనంతవరకు పరిశీలించుచున్నవి. కాని ఏ ఫైలులో ఎన్ని పంక్తులున్నవో ఆ ఫైలు తెరచినప్పుడుగాని తెలియదు గనుక, ఏ భాషయు మన కన్నులకు పూర్తిగా సెలవు ఈయజాలదు.

కావున ఈ విద్యలో క్రొత్తగా ప్రవేశించిన యువకులకు నా మనవి యొక్కటి. తెరమీద ఎర్రర్ కనబడినపుడు, అది పోవుటకు ఏమి చేయవలెనని వెదకుటకు ముందు, అందులో ఇచ్చిన రెండు కొలతలను చదువుడు. ఏది హెచ్చినది, ఏది తగ్గినది, ఎందువలన అని అడుగుడు. ఎర్రర్ రానినాడు కూడ, వచ్చిన సమాధానపు షేపును ఒక్కసారి అచ్చువేయించి చూడుడు. దానికి పట్టునది ఒక్క పంక్తి. మూడు రావలసినచోట తొమ్మిది వచ్చినదని ఆ పంక్తియే చెప్పును.